చెప్పబోతే గానీ తెలియదు: ఎదుటివారికి వివరిస్తూ నేర్చుకోవడంలో అసలు పనిచేసేది ఏమిటి?

వేసవి ఎందుకు వస్తుందని అడిగితే చాలామంది తడుముకోకుండా "భూమి అక్షం వంగి ఉంటుంది కదా, అందుకు" అంటారు. జవాబు సరైనదే. అక్కడితో ఆపితే మార్కులు కూడా పడతాయి. వింటున్నవాళ్లు "వంగితే ఏమవుతుంది?" అని ఇంకొక్క మాట అడిగారనుకోండి, చిక్కు అప్పుడు మొదలవుతుంది. "వంగిన వైపు సూర్యుడికి దగ్గరవుతుంది, అందుకే వేడి" అన్న మాట నోటికి వచ్చేస్తుంది. ఇది తప్పు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అతి దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. ఉత్తరార్ధగోళంలో జనవరి చలికాలం, జులై వేసవి! పోనీ వంపు వల్లే దగ్గరవుతుందని సర్దుకుందామన్నా కుదరదు. భూమి వ్యాసం మొత్తం 12,742 కిలోమీటర్లే, 15 కోట్ల ముందు అది లెక్కలోకి రాదు. అసలు కారణం కిరణాలు పడే కోణం, పగటి నిడివి. నిలువుగా పడ్డ వెలుగు తక్కువ నేల మీద గుమిగూడుతుంది. ఏటవాలుగా పడ్డ వెలుగు అంతే ఉన్నా ఎక్కువ నేల మీద పరుచుకుని పలచబడుతుంది. దానికి తోడు వేసవిలో పగలు పొడుగు, వేడెక్కే గంటలు ఎక్కువ.

తప్పు చెప్పడం ఇక్కడ పెద్ద విషయం కాదు. ఆ రెండో ప్రశ్న పడేదాకా తన అవగాహనలో గుంట ఉందన్న సంగతి చెప్పేవాళ్లకే తెలియదు, అదీ విషయం. చదువుతున్నప్పుడు ఆ గుంట కనబడదు. ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి దారి పుస్తకమే వేసి పెడుతుంది, మనం ఆ దారిన నడిచి "అర్థమైంది" అనుకుంటాం. ఆ దారి మనమే వేయాల్సి వచ్చినప్పుడు కాలు ఎక్కడ దిగబడుతుందో తెలుస్తుంది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూశారు. 2002లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ ఒక ప్రయోగం ప్రచురించారు. జిప్పు, తాళం, హెలికాప్టర్ లాంటివి ఎలా పనిచేస్తాయో మీకు ఎంత బాగా తెలుసో 1 నుంచి 7 వరకు మార్కులు వేసుకోమన్నారు. తర్వాత వాటిలో కొన్నింటి పనితీరును అడుగడుగునా రాయమన్నారు. రాశాక మళ్లీ మార్కులు వేసుకోమంటే, జనం తమ మార్కులను తామే తగ్గించుకున్నారు. ఎవరూ వాళ్లను తప్పుపట్టలేదు. రాయబోయి రాయలేకపోవడమే చాలింది. దేశాల రాజధానులు, సినిమా కథలు లాంటి వాటిలో ఈ తరుగుదల ఇంతగా కనబడలేదు. రాజధాని పేరు తెలుసో తెలియదో మనకు తెలుస్తుంది. ఒక వస్తువు లోపల ఏది దేన్ని కదుపుతుందన్న చోటే మోసపోతాం. 2006లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన రెబెకా లాసన్ ఇలాంటిదే సైకిల్ బొమ్మతో పరీక్షించారు. గొలుసు ముందు చక్రానికీ వెనక చక్రానికీ కలిపి ఉంటుందని చూపించినవాళ్లు తక్కువేమీ కాదు. గొలుసును అలా బిగిస్తే హ్యాండిల్ తిప్పడమే కుదరదు. రోజూ కళ్ల ముందు తిరిగే వస్తువు విషయంలోనే ఇలా ఉంటే, రెండుసార్లు చదివిన పాఠం సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు తెలిసింది ఒక్కటే: వివరించబోతే గుంటలు బయటపడతాయి. కానీ "ఎదుటివాళ్లకు చెబితే బాగా వస్తుంది" అన్న మాటలో ఇంకా చాలా కలగలిసి ఉంది. దాన్ని విడదీయకపోతే, పద్ధతి పాటిస్తున్నామనుకుంటూనే లాభం చేజార్చుకుంటాం.

మూడు పనుల మూట

వివరించడంలో మూడు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. ఎవరికో చెప్పాలన్న ఉద్దేశంతో చదవడం ఒకటి. పుస్తకం మూసి, గుర్తు చేసుకుంటూ, వరుసలో పెట్టి చెప్పడం రెండోది. మధ్యలో పడ్డ అడ్డు ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు కట్టుకోవడం మూడోది. ఈ మూడింటి బలం ఒకేలా ఉండదు.

మొదటిదాని సంగతి. 2014లో జాన్ నెస్టోయ్‌కో బృందం కొందరికి ఒక పాఠం ఇచ్చి "చదివాక మీకు పరీక్ష ఉంటుంది" అని చెప్పింది. ఇంకొందరికి అదే పాఠం ఇచ్చి "చదివాక దీన్ని మరొకరికి నేర్పాలి" అంది. చివరికి ఎవరి చేతా పాఠం చెప్పించలేదు, అందరికీ పరీక్షే పెట్టారు. నేర్పాలనుకుని చదివినవాళ్లకు ఎక్కువ గుర్తుంది, ముఖ్యాంశాలు ఒక పొందికలో గుర్తున్నాయి. నేర్పాల్సినవాడు చదివేటప్పుడే ఏది ముందు చెప్పాలి, ఏది దేని మీద ఆధారపడింది, ఏది వదిలేసినా ఫరవాలేదు అని ఏరుకుంటూ పోతాడు మరి.

కానీ ఈ లాభం ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. దాన్ని లోగన్ ఫియోరెల్లా, రిచర్డ్ మేయర్ 2013లో పరిశీలించారు. వాళ్లు తీసుకున్న పాఠం డాప్లర్ ప్రభావం, అంటే దగ్గరికొచ్చే సైరన్ మోత హెచ్చు శ్రుతిలోనూ, దాటిపోయాక తగ్గు శ్రుతిలోనూ ఎందుకు వినిపిస్తుందన్నది. చెప్పడానికి తయారై ఊరుకున్నవాళ్లూ, తయారై కెమెరా ముందు నిజంగా చెప్పినవాళ్లూ వెంటనే పెట్టిన పరీక్షలో బాగానే చేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే నిలిచింది నిజంగా చెప్పినవాళ్ల లాభమే. ఎదురుగా వినేవాళ్లు లేకపోయినా, కెమెరాకు చెప్పినా సరిపోయిందన్నది ఇందులో గమనించదగ్గ సంగతి.

రెండో పనే అన్నింటికంటే బరువైనది. 2018లో సింగపూర్ పరిశోధకులు దీన్ని సూటిగా పరీక్షించారు. అదే డాప్లర్ పాఠాన్ని ఒక గుంపు నోట్స్ చూడకుండా చెప్పింది. ఇంకో గుంపు రాసి ఉన్నది చూసి చెప్పింది. మూడో గుంపు ఎవరికీ చెప్పలేదు, గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. నాలుగో గుంపు సంబంధం లేని లెక్కలు చేసుకుంది. వారం తర్వాత చూడకుండా చెప్పినవాళ్లు, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు దాదాపు సమానంగా ముందున్నారు. చూసి చెప్పినవాళ్లు వెనకబడ్డారు. నోరు తెరవడంలో మహిమేమీ లేదు, పుస్తకం మూయడంలో ఉంది. స్లైడ్లు తెర మీద పెట్టుకుని వాక్యం వెంట వాక్యం చదివేసి "క్లాసు చెప్పాను" అనుకునేవాళ్లు తాము నేర్చుకున్నది ఎంతో ఒకసారి ఆలోచించుకోవాలి.

గుర్తు తెచ్చుకోవడం మీద హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ఇచ్చిన అంకెలు చూస్తే కష్టపడి గుర్తు చేసుకోవడం ఎందుకు విసుగనిపిస్తుందో కూడా అర్థమవుతుంది. ఒక గుంపు పాఠాన్ని రెండుసార్లు చదివింది, ఇంకో గుంపు ఒకసారి చదివి ఒకసారి గుర్తు తెచ్చుకుని రాసింది. 5 నిమిషాల తర్వాత రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు పాఠంలో 81 శాతం గుర్తుంది, రెండో గుంపుకు 75. వారం తర్వాత తిరగబడింది: రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతం, గుర్తు తెచ్చుకున్నవాళ్లకు 56 శాతం. తిరిగి చదవడం వెంటనే ఫలితం చూపిస్తుంది కాబట్టి అదే మంచి పద్ధతని నమ్ముతాం. పరీక్ష మాత్రం 5 నిమిషాల తర్వాత రాదు.

ఇక మూడోది, అడ్డు ప్రశ్న. తోటివాళ్లకు పాఠం చెప్పే విద్యార్థుల మీద జరిగిన పరిశోధనలను 2007లో రాడ్ రాస్కో, మిషెలిన్ చీ సమీక్షించారు. ఎవరి మానాన వాళ్లను వదిలేస్తే, చెప్పేవాళ్లలో ఎక్కువమంది తమకు తెలిసింది అప్పజెప్పడంతో ఆగిపోతారని, దాన్ని తిరగేసి మరగేసి కొత్త సంబంధాలు కట్టుకోవడం అరుదని వాళ్లు గమనించారు. ఆ అరుదైన పని చేయించగలిగే వాటిలో వినేవాళ్లు అడిగే లోతైన ప్రశ్న ముఖ్యమైనది. అప్పజెప్పడానికీ వివరించడానికీ తేడా ఇదే. మొదటిదాన్ని ఎన్నిసార్లు చేసినా నోటి వేగం పెరుగుతుందే తప్ప పట్టు పెరగదు.

ఈ సందర్భంలో ఒక పాత పుకారును పక్కన పెట్టాలి. చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, ఇతరులకు నేర్పితే 90 శాతం గుర్తుంటుందని చెప్పే ఒక పిరమిడ్ బొమ్మ శిక్షణ తరగతుల్లో తరచూ కనబడుతుంది. దానికి మూలమని చెప్పే, విద్యావేత్త ఎడ్గర్ డేల్ 1946లో గీసిన అనుభవాల శంకువులో ఏ అంకెలూ లేవు. ఈ శాతాలు ఎవరో తర్వాత అతికించినవి, వాటి వెనక చూపించగల ప్రయోగం లేదు. ఏ పాఠం, ఎంత సేపు, ఎన్నాళ్ల తర్వాత అన్నది లేకుండా "90 శాతం" అంటే అర్థమే లేదు.

పనిలోకి దిగితే

మొదట విషయాన్ని కోసుకోవాలి. "విద్యుత్తు" అన్నది వివరించే అంశం కాదు, అది అధ్యాయం పేరు. "తీగలో ఎలక్ట్రాన్లు సెకనుకు మిల్లీమీటరు కన్నా తక్కువ వేగంతో జరుగుతుంటే, స్విచ్ వేసిన క్షణంలోనే బల్బు ఎలా వెలుగుతుంది?" అన్నది వివరించే అంశం. ఎందుకు, ఎలా అన్న మాట ఉన్న ప్రశ్నగా రాసుకోలేకపోతే అంశం ఇంకా తెగలేదని అర్థం. మనసు ఒకేసారి పట్టుకోగలిగేది సుమారు 4 ముక్కలని నెల్సన్ కోవన్ 2001లో అంచనా వేశారు. కాబట్టి ఒక వివరణలో 3, 4 ప్రధాన అడుగులు మించితే దాన్ని రెండు వివరణలుగా విడగొట్టడం మేలు. 5 నుంచి 8 నిమిషాల్లో ముగిసేది సరైన కొలత.

25, 30 నిమిషాలు చదవండి. చదివేటప్పుడే "దీన్ని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి" అనుకుంటూ చదవండి. తర్వాత పుస్తకం మూసేయండి. నోట్సూ మూసేయండి. తెల్ల కాగితం మీద ప్రశ్న, దాని కింద ఎక్కువలో ఎక్కువ 4 మాటలు రాసుకోవచ్చు. వాక్యాలు మాత్రం రాయొద్దు, రాస్తే చదివేస్తారు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పైకి చెప్పండి. బొమ్మ అవసరమైతే గీస్తూ చెప్పండి. పుస్తకంలోని బొమ్మ గుర్తుండటం వేరు, బాణం ఎటు పోవాలో తెలియడం వేరు. గీస్తే గానీ ఆ తేడా తేలదు.

ఎక్కడైనా ఆగిపోతే వెంటనే పుస్తకం తెరవాలనిపిస్తుంది. తెరవొద్దు. అర నిమిషం ప్రయత్నించి, రాకపోతే కాగితం మీద అడ్డగీత పెట్టి ముందుకు సాగండి. ఆ అర నిమిషం వృథా కాదు. వెతికి దొరకని తర్వాత చూసిన జవాబు, ఊరికే కంటబడ్డ జవాబు కన్నా గట్టిగా అతుక్కుంటుంది.

ఆ తర్వాతి మెట్టును చాలామంది ఎగ్గొడతారు. మన గొంతు మనం వినడం ఎబ్బెట్టుగా ఉంటుంది, అందుకని. కానీ ఈ పద్ధతిలో సగం ఫలితం అక్కడే ఉంది. కలం పట్టుకుని రికార్డింగ్ వినండి. మూడు రకాల చోట్ల గుర్తు పెట్టండి. ఒకటి, మాట ఆగిపోయిన చోటు. ఇది తేలిగ్గా దొరుకుతుంది. రెండు, నిర్వచనం చెప్పకుండా దాటేసిన పారిభాషిక పదం. మూడు, అతుకు మాటలు: "అలా అలా జరిగి", "ఆటోమేటిగ్గా", "సహజంగానే", "అది తెలిసిందేగా", "ఒకరకంగా". ఈ మూడో రకం దొంగచాటుది. కారణం చెప్పాల్సిన చోట కారణం తెలియనప్పుడే ఈ మాటలు ఎక్కువగా దొర్లుతాయి. "రక్తం అలా ఊపిరితిత్తులకు వెళ్లి శుభ్రమై వస్తుంది" అన్న వాక్యంలో ఆ "అలా"ను పీకి చూడండి. ఏ గది నుంచి ఏ నాళం గుండా, ఎటు నెట్టితే వెళుతుంది, వెనక్కి రాకుండా ఏది ఆపుతుంది, "శుభ్రం" కావడమంటే ఏ వాయువు పోయి ఏ వాయువు చేరడం అన్నవన్నీ దాని వెనకే దాక్కున్నాయి.

గుర్తు పెట్టిన చోట్లకు మాత్రమే పుస్తకంలో తిరిగి వెళ్లండి. అధ్యాయమంతా మళ్లీ చదవడం మొదలుపెడితే వచ్చింది, రానిది మళ్లీ కలిసిపోతాయి. గుంటలు పూడ్చాక అదే రోజు ఇంకోసారి చెప్పండి. ఈసారి వేరే చోట మొదలుపెట్టి చెప్పగలిగితే ఇంకా మంచిది. కారణం నుంచి ఫలితానికి చెప్పినదాన్ని ఫలితం నుంచి కారణానికి చెప్పడం అన్నమాట. తర్వాత రెండు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి. ఆ రోజుల్లో ముందు చెప్పి, ఆ తర్వాతే పుస్తకం చూడాలి. ముందు చదివేసి చెబితే అది నెమరు, పరీక్ష కాదు. మొత్తం కలిపి ఒక అంశానికి గంటంబావు పడుతుంది. ఎక్కువనిపిస్తే అంశాల సంఖ్య తగ్గించుకోండి, మెట్లను తగ్గించొద్దు.

నియమం చెప్పడం, ఎందుకో చెప్పడం

లెక్కల్లో ఈ తేడా బాగా కనబడుతుంది. భిన్నాల భాగహారం చెప్పమంటే "రెండోదాన్ని తిరగేసి గుణించాలి" అంటారు. ఇది నియమం. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా ఏమీ తెలియదు. ఎందుకు తిరగేయాలో చెప్పండి అన్నప్పుడు అసలు పని మొదలు.

3ను 1/4తో భాగించడం అంటే, మూడులో పావులు ఎన్ని ఉన్నాయని అడగడం. ఒక్కోదానిలో 4, కాబట్టి 12. భాగించాక సంఖ్య పెరిగిందేమిటన్న అనుమానం ఇక్కడే తీరిపోతుంది. చిన్న ముక్కలతో కొలిస్తే ఎక్కువ ముక్కలు వస్తాయి. ఇప్పుడు 2/3ను 3/4తో భాగించాలి. ఒకటిలో ముప్పావులు ఎన్ని? ఒకటి అంటే 4 పావులు. ముప్పావుకు 3 పావులు కావాలి. అంటే ఒకటిలో 4/3 ముప్పావులున్నాయి. తిరగేసిన భిన్నం అదే, మంత్రంగా కాక లెక్కగా బయటికొచ్చింది. ఒకటిలో 4/3 ఉంటే 2/3లో దానికి 2/3 వంతు, 8/9. ఇలా చెప్పగలిగినవాళ్లు నియమం మరిచిపోయినా మళ్లీ పుట్టించుకోగలరు.

సాధించిన లెక్కల్ని చదివేటప్పుడు కూడా ఇదే పని చేయాలి. మిషెలిన్ చీ బృందం 1989లో భౌతికశాస్త్ర విద్యార్థులు సాధించిన ఉదాహరణలను ఎలా చదువుతారో విన్నది. తర్వాత లెక్కలు బాగా చేసినవాళ్లు, చదివేటప్పుడు ప్రతి అడుగునూ తమకు తామే వివరించుకున్నవాళ్లు. రానివాళ్లు ఉదాహరణ అంతా అర్థమైందనే అనుకున్నారు. 1994లో ఇంకో అడుగు ముందుకేసి, రక్తప్రసరణ పాఠం చదువుతున్న 8వ తరగతి పిల్లల్ని ప్రతి వాక్యం తర్వాత ఆపి తమకు తాము వివరించుకోమన్నారు. అదే పాఠం రెండుసార్లు చదివిన పిల్లల కన్నా వీళ్లకు ఎక్కువ పట్టు చిక్కింది. కాబట్టి వినడానికి ఎవరూ దొరకలేదన్నది పెద్ద సాకు కాదు. ప్రతి అడుగు దగ్గర రెండే ప్రశ్నలు: ఈ అడుగు ఏ నియమంతో వచ్చింది? ఇదే ఇప్పుడు ఎందుకు వేశారు? రెండోదానికి జవాబు పుస్తకంలో సాధారణంగా ఉండదు.

తేలిక మాట, పోలిక, వాటి హద్దు

భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ పేరు మీద ఫైన్‌మన్ పద్ధతిగా ప్రచారంలో ఉన్నదాని సారం, చిన్నపిల్లకు అర్థమయ్యేంత తేలిగ్గా చెప్పమనడం. సలహా మంచిదే, కానీ దాన్ని పట్టుకుని పారిభాషిక పదాలన్నీ ఏరిపారేసేవాళ్లున్నారు. అలా చేయనక్కర్లేదు. ముందు సంగతి చెప్పి, వెనక పేరు చెప్పాలి, అంతే. "వేగం మారే తీరును త్వరణం అంటారు" అని ఆపకుండా, సెకనుకు 2 మీటర్లున్న వేగం మరుసటి సెకనుకు 5 మీటర్లయితే ఆ సెకనులో పెరిగిన 3 మీటర్లే మనం మాట్లాడుకునేది అని చూపించి, దాని పేరు త్వరణం అంటే ఆ పేరు నిలుస్తుంది. పేరే లేకుండా వదిలేస్తే పరీక్షలోనూ, పై పుస్తకంలోనూ దారి తప్పుతారు.

పోలికలది ఇంకో పేచీ. కరెంటును గొట్టంలో నీళ్లతో పోలుస్తారు. పీడనం వోల్టేజిలాంటిది, ప్రవాహం కరెంటులాంటిది, సన్న గొట్టం నిరోధంలాంటిది. చాలా దూరం బాగానే నడుస్తుంది. కానీ గొట్టం కోస్తే నీళ్లు కారతాయి, తీగ కోస్తే కరెంటు ఆగిపోతుంది. పోలిక అక్కడ విరిగింది. పోలిక చెప్పినప్పుడల్లా అది ఎక్కడ విరుగుతుందో కూడా చెప్పడం నియమంగా పెట్టుకోండి. చెప్పలేకపోతే మీకు తెలిసింది పోలికే, విషయం కాదు.

చెప్పేవాళ్లకు తమ వివరణ ఎంత స్పష్టంగా ఉందో తెలియకపోవడానికి ఇంకో కారణముంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ కొందరి చేత తెలిసిన పాటల తాళాన్ని బల్ల మీద వేళ్లతో కొట్టించి, వినేవాళ్లను పాట ఏదో చెప్పమన్నారు. సగం మంది గుర్తుపడతారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. 120 పాటల్లో గుర్తుపట్టింది 3. కొట్టేవాడి తలలో రాగం మోగుతూనే ఉంటుంది, వినేవాడికి చేరేది టకటకలే. మీ వివరణ స్పష్టంగా ఉందని మీకు అనిపించడం అందుకే రుజువు కాదు. విన్నవాళ్లు తిరిగి చెప్పగలగాలి, లేదా మీరిచ్చిన కొత్త ఉదాహరణకు జవాబు పట్టగలగాలి.

ఎవరికి చెప్పాలి

విషయం బాగా తెలిసినవాళ్లకు చెబితే సగంలోనే తల ఊపేస్తారు. మీరు వదిలేసిన అడుగులు వాళ్ల తలలో ఉంటాయి కాబట్టి గుంట బయటపడదు. అసలేమీ తెలియనివాళ్లకు చెబితే మొదటి మెట్టు దగ్గరే కాలమంతా పోతుంది. మీతో పాటు చదువుతూ ఆ పాఠం ఇంకా చదవనివాళ్లు మంచి జోడీ. చిన్నవాళ్లకు చెప్పడం ఇంకో రకంగా పనికొస్తుంది. మొహమాటం లేకుండా "అంటే?" అనగలిగేది వాళ్లే.

వినేవాళ్లకూ పని ఉంది. మాట అందక మీరు ఆగినప్పుడు వాళ్లు ఆ మాట అందించకూడదు. మర్యాద అనుకుని అందిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. వాళ్ల చేతికి నాలుగు ప్రశ్నలు ఇచ్చి కూర్చోబెట్టండి: ఎందుకలా? ఇంకో ఉదాహరణ ఏది? ఇది లేకపోతే ఏమయ్యేది? దీనికీ, దీనిలాగే కనబడే ఫలానాదానికీ తేడా ఏమిటి? నాలుగోది అన్నింటికన్నా కఠినం. ఉష్ణం, ఉష్ణోగ్రత ఒకటేనా? ద్రవ్యరాశి, బరువు ఒకటేనా? విడివిడిగా రెండూ చెప్పగలిగినవాళ్లు పక్కపక్కన పెట్టగానే తడబడతారు.

మనిషే దొరకనప్పుడు ప్రోగ్రామర్ల దగ్గర ఒక అలవాటు ఉంది. కోడ్‌లో తప్పు దొరక్కపోతే బల్ల మీద ఒక రబ్బరు బాతు పెట్టుకుని, దానికి వరుస వెంట వరుస చెబుతారు. "ఇక్కడ ఈ విలువ సున్నా అవుతుంది కాబట్టి..." అంటూండగానే అది సున్నా కావడం లేదని స్ఫురిస్తుంది. బాతు ప్రశ్న వేయదు కాబట్టి మూడో పని దాని వల్ల కాదు, రెండోది మాత్రం అవుతుంది. ఇప్పుడు చాట్‌బాట్లున్నాయి. వాటిని "వివరించు" అని అడిగితే పాత్రలు తారుమారై మీరు మళ్లీ శ్రోత అయిపోతారు. "నేను చెబుతాను, నువ్వు జవాబు చెప్పకు, ప్రతి అడుగులో ఒక్క ప్రశ్న మాత్రం అడుగు" అని కట్టడి చేస్తే పనికొస్తుంది.

రాయడమా, మాట్లాడటమా అన్నదానికి 2016లో హూగర్‌హైడ బృందం చేసిన ప్రయోగం ఒక ఆధారం. ఊహించుకున్న శ్రోతకు కెమెరా ముందు చెప్పినవాళ్లకు లాభం కనబడింది, ఊహించుకున్న పాఠకుడికి రాసినవాళ్లకు కనబడలేదు. మాట్లాడుతున్నప్పుడు ఎదుట ఒకరున్నారన్న స్పృహ ఎక్కువ, రాస్తున్నప్పుడు పుస్తకం భాషలోకి జారిపోతాం అన్నది దీనికిచ్చే వివరణల్లో ఒకటి. ఇదే ఆఖరి మాట అనలేం. నిరూపణలు, సూత్రాల సాధనల లాంటివి రాయకుండా నోటితో చెప్పడం ఎలాగూ కుదరదు.

తరగతి గదిలో దీన్ని అందరికీ ఒకేసారి అమర్చినవారు హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్. 1991లో ఆయన మొదలుపెట్టిన పద్ధతిలో క్లాసులో ఒక భావనకు సంబంధించిన ప్రశ్న వేసి, ఒక్కొక్కరినీ విడిగా జవాబు ఎంచుకోమంటారు. తర్వాత పక్కవాళ్లను ఒప్పించడానికి ప్రయత్నించమని, మళ్లీ ఎంచుకోమంటారు. చర్చ తర్వాత సరైన జవాబులు పెరుగుతాయి. తెలిసినవాడు చెబితే మిగతావాళ్లు తలూపారేమో అన్న అనుమానం సహజం. 2009లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం దాన్ని జన్యుశాస్త్ర తరగతిలో పరీక్షించింది. గుంపులో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియకపోయినా, చర్చ తర్వాత అదే భావన మీద వేసిన కొత్త ప్రశ్నకు జవాబు చెప్పడం మెరుగైందని తేలింది.

ఎక్కడ బెడిసికొడుతుంది

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం తప్పుగా వివరించడం. సూర్యుడికి దగ్గరవడం వల్లే వేసవి అని ఐదుసార్లు హాయిగా చెప్పినవాళ్లకు ఆ తప్పు ఐదింతలు గట్టిపడుతుంది. చెప్పినదాన్ని చెప్పిన రోజే పుస్తకంతో సరిచూసుకోకపోతే ఈ పద్ధతి చదవకపోవడం కన్నా చెడ్డది. అనుమానం లేకుండా ధారాళంగా చెప్పిన చోట్లను కూడా ఒకటి రెండు సరిచూడాలి. ధారాళత వేరు, సత్యం వేరు.

గుంపుగా చదివేటప్పుడు ఎప్పుడూ ఒకరే చెప్పడం రెండో జబ్బు. బాగా వచ్చినవాళ్లే బోర్డు దగ్గర నిలబడతారు, లాభమూ వాళ్లకే పోతుంది, మిగతావాళ్లకు దక్కేది ఇంకో ఉపన్యాసం. ఎవరు ఏ అంశం చెప్పాలన్నది ముందే పంచుకోకుండా, అందరూ అన్నీ చదివి వచ్చాక చీటీ తీసి తేల్చడం దీనికి విరుగుడు. ఏది పడుతుందో తెలియనప్పుడు అన్నింటినీ చెప్పాల్సినట్టే చదువుతారు.

బొత్తిగా కొత్త విషయంలో, పదాలే పట్టుబడనప్పుడు వివరించడానికి దిగితే మిగిలేది చిరాకు. రెండు మూడు సాధించిన ఉదాహరణలు చూసి, కనీసం పదజాలం చేతికొచ్చాక మొదలుపెట్టాలి. ఇక విదేశీ భాషా పదాలు, మూలకాల సంకేతాలు, తేదీల జాబితాల్లాంటి వాటిలో "ఎందుకు" అన్నదానికి చోటే తక్కువ. వాటికి ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు రాసిన అట్టముక్కలే వేగం. ఈత, టైపింగ్, వాద్యం లాంటి చేతి పనుల్లో ఎలా చేస్తున్నామో నోటితో చెప్పగలగడం చేయగలగడానికి హామీ కాదు. నోటితో చెప్పలేనివాళ్లు కూడా చక్కగా ఈదుతారు.